రెండోసారి అడగని వీధి

జ్ఞానవతి పుట్టింది భీమిలిలో. అక్కడ సముద్రానికి దగ్గర్లో పాత డచ్చివాళ్ళ సమాధులున్నాయి. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట వ్యాపారానికొచ్చి, ఎండకో జ్వరానికో పోయినవాళ్ళవి. బడి ఎగ్గొట్టిన పిల్లలు ఆ సమాధుల నీడన కూర్చుని ఉప్పూకారం అద్దుకుని మామిడికాయ ముక్కలు తినేవారు. జ్ఞానవతి బడి ఎగ్గొట్టే రకం కాదు కాబట్టి ప్రహరీ బయట నుంచే చూసింది. ఆ విధంగా ఆమె చచ్చిపోయిన డచ్చివాళ్ళని ముందు చూసి, బతికున్నవాళ్ళని నలభై దాటాక కెనడాలో చూసింది. పని పడింది మాత్రం రెండోవాళ్ళతోనే.

ఈ కథ జరిగేనాటికి ఆమెకు యాభై నాలుగు. టొరంటోకి తూర్పున ఏజాక్స్‌లో కాపురం, అక్కడికి ఇంకో అరగంట తూర్పున బోమన్‌విల్‌లో ఉద్యోగం. వృద్ధాశ్రమంలో పీఎస్‌డబ్ల్యూ. అంటే స్నానం చేయించడం, తినిపించడం, మంచంలో పక్కకి తిప్పడం, పళ్ళసెట్టు కడిగిపెట్టడం, నలభయ్యోసారి చెప్పిన కథని కూడా కొత్తగా వినడం. ఆశ్రమాన్ని ఒకప్పుడు డచ్చి చర్చివాళ్ళు మొదలుపెట్టారు. అందులో సగానికి పైగా వాళ్ళే. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక ఓడలెక్కి వచ్చి, పొలాల్లో కూలి చేసి, తర్వాత ఎవరి ఇల్లు వాళ్ళే కట్టుకున్న మనుషులు. ‘జ్ఞా’ పలకడం మనవాళ్ళలోనే సగం మందికి రాదు, వాళ్ళనేం అంటాం. అందరూ ఆమెను ‘వాతీ’ అని పిలిచేవారు.

పన్నెండేళ్ళలో ఆమె వాళ్ళ పద్ధతులన్నీ చూసింది. కాఫీతో ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తారు. లావైతే లావయ్యావని ముఖం మీదే చెబుతారు, అందులో ద్వేషం ఉండదు. ఆదివారం కొనడాలు అమ్మడాలు మాట్లాడరు. వాళ్ళకి ఔనంటే ఔను, కాదంటే కాదు. సువార్తలో ప్రభువు చెప్పిన మాటే అది. జ్ఞానవతికి ఆ వాక్యం చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. కంఠతా రావడం వేరు, అలా బతకడం వేరు.

ఎందుకంటే జ్ఞానవతి పెరిగిన ఇంట్లో ఎవరేం ఇచ్చినా మొదటిసారి వద్దనాలి. రెండోసారి ‘అయ్యో ఎందుకండీ’ అనాలి. మూడోసారి బలవంతం చేస్తే సగం తీసుకోవాలి. ఆరేళ్ళప్పుడు పెద్దమ్మగారింట్లో లడ్డూ పెట్టగానే చెయ్యి చాపినందుకు వాళ్ళమ్మ తొడ మీద గిల్లిన గిల్లుడు రెండు రోజులు నల్లగా ఉంది. ఆ తర్వాత ఆమె మళ్ళీ చెయ్యి చాపలేదు. మస్కట్‌లో ఒమానీ షేకు ఇంట్లో ముసలామెని చూసుకున్న నాలుగేళ్ళూ సెలవు అడగలేదు. ఒకరింట్లోనే ఉండి పనిచేసే లివ్-ఇన్ కేర్‌గివర్‌గా కెనడా వచ్చిన మొదటి చలికాలం, తన గదిలో హీటరు పనిచేయడం లేదని యజమానురాలికి చెప్పడానికి మొహమాటపడి, రెండు స్వెట్టర్లు వేసుకుని మార్చి దాకా పడుకుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈమెకేమో అడగొద్దని నేర్పింది అమ్మే.

అయితే ఒకరి కోసం అడగమంటే మాత్రం జ్ఞానవతి పులి. ఎనిమిదో నంబరు గదిలో ముసలాయనకి రెండో దుప్పటి ఇవ్వలేదని నర్సుని మూడుసార్లు వెంటబడి సాధించింది. తన దగ్గరికి వచ్చేసరికే నాలుక మడతపడేది.

ఏజాక్స్‌లో వాళ్ళుండేది జయదేవ్ అనే హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో. పదకొండేళ్ళు. మంచివాళ్ళు, అద్దె కూడా అడ్డగోలుగా పెంచలేదు. కాకపోతే ఆ వాటాకి ఉన్న ఒక్క కిటికీ సీలింగుకి ఆనుకుని, జానెడు ఎత్తుంటుంది. అందులోంచి కనబడేవి చలికాలంలో మంచు, ఎండాకాలంలో జయదేవ్ చెప్పులు. భర్త యెహెజ్కేలు స్కూలు బస్సు నడుపుతాడు కాబట్టి ఆయనకి రోజంతా అద్దం ముందే జీవితం. కూతురు అబిగేల్ డెంటల్ క్లినిక్‌లో ఉద్యోగం చేస్తుంది, దానికి ఫోనే కిటికీ. ఇంట్లో వెలుతురు కోసం మొహం వాచిపోయింది జ్ఞానవతి ఒక్కతే.

ఆ జనవరిలో జయదేవ్ కిందికి దిగొచ్చి, చాలా ఇబ్బందిపడుతూ, వాళ్ళబ్బాయి రోహిత్‌కి పెళ్ళి కుదిరిందని, ఆగస్టు తర్వాత కింద వాటా కొత్త జంటకి కావాలని చెప్పాడు. జ్ఞానవతి ‘ఎంత మంచి వార్త చెప్పారండీ’ అని పంచదార పెట్టింది. ఆయన వెళ్ళాక స్నానాలగదిలోకి పోయి ఏడ్చింది.

ఇక ఇల్లు వెతకడం మొదలైంది. పదకొండేళ్ళు కూడబెట్టింది ఉంది. బ్యాంకువాళ్ళు ఇంతవరకు అప్పిస్తామని కాగితం రాసిచ్చారు. ఆ కాగితానికీ ఏజాక్స్‌లో ఇళ్ళ ధరలకీ మధ్య పెద్ద అగాధం. చూసిన ప్రతి ఇంటికీ పదిమంది పోటీ. ఏజెంటు ‘ఇంకో యాభై వేలు పెంచండి అంకుల్’ అన్నప్పుడల్లా యెహెజ్కేలు ప్రార్థన చేసి వస్తానని కారులోకి వెళ్ళేవాడు. ఆయన ఆమెన్ అనేలోపు ఇల్లు ఇంకొకరిదయ్యేది.

బోమన్‌విల్‌లో బస్సు దిగి ఆశ్రమానికి నడిచే దారిలో ఒక వీధి ఉంది. దాని అసలు పేరేదో పలకమీద ఉన్నా, అందరూ డచ్ వీధి అనే అంటారు. అరవైల్లో ఆ చర్చి వడ్రంగులే ఒకరికొకరు సాయం చేసుకుని కట్టిన చిన్న చిన్న ఇటుక ఇళ్ళు. ఒకే అంతస్తు, ఒకే బాత్రూము, గ్యారేజీ ఉండదు. అందుకే ధర తక్కువ. కానీ ప్రతి ఇంటికీ వీధివైపు గోడలో సగం మేర పెద్ద అద్దాల కిటికీ. తెర లాగరు. లోపల కుర్చీలు, పూలకుండీలు, కాఫీ తాగుతున్న మనుషులు, అన్నీ బయటికి కనబడతాయి. దాచుకోవడానికి మా దగ్గర ఏముంది అని వాళ్ళ ఉద్దేశం. జ్ఞానవతి ఆ వీధిలో రోజూ కొంచెం నెమ్మదిగా నడిచేది. అలాంటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, చేతిలో ఏ పనీ లేకుండా, వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కూర్చోవాలని ఆమె కోరిక. ఆ కోరిక భర్తతో కూడా అనలేదు.

ఆ వీధిలోనే హెండ్రిక్ ఇల్లు. ఎనభయ్యారేళ్ళ వడ్రంగి. ఆయన భార్య మార్తాని ఆశ్రమంలో జ్ఞానవతే రెండేళ్ళు చూసుకుంది. మార్తా ఫిబ్రవరిలో పోయింది. మార్చిలో ఒక శనివారం హెండ్రిక్ ఆశ్రమానికి ఫోన్ చేసి, మీ ఆయన్ని తీసుకుని కాఫీకి రమ్మన్నాడు.

వెళ్ళారు. ఆయన వాళ్ళని కూర్చోబెట్టకుండానే ఇల్లంతా తిప్పాడు. ఈ తలుపు చలికాలంలో పట్టేస్తుంది, ఈ కుళాయి కారుతుంది, వెనకవైపు మెట్లు మార్చాలి అంటూ ముందు లోపాలన్నీ చెప్పాడు. యెహెజ్కేలు తెలుగులో, “ఈయనకి ఇల్లు నచ్చనట్టుందేంటి,” అని గొణిగాడు. తర్వాత ముందుగదిలో, ఆ కిటికీ పక్కన కూర్చోబెట్టి, తలొక కాఫీ, తలొక బిస్కెట్టు ఇచ్చి, హెండ్రిక్ నేరుగా విషయానికి వచ్చాడు.

“జూన్‌లో నేను ముసలాళ్ళ అపార్ట్‌మెంటుకి మారిపోతున్నాను. పిల్లలకి ఎవరి ఇళ్ళు వాళ్ళకున్నాయి. ఏజెంటుని పెడితే జనం కొట్టుకుంటారు, అది నాకిష్టం లేదు. నువ్వు మార్తాని బాగా చూసుకున్నావు. ఇల్లు వెతుకుతున్నారని ఆవిడతో నువ్వు చెప్పావట. ఇదీ నా ధర.” కాగితం మీద రాసి వాళ్ళవైపు తిప్పాడు. “మీకు కావాలా?”

ఆ అంకె చూసి యెహెజ్కేలు చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. బ్యాంకు కాగితంలో ఉన్నదానికంటే తక్కువే. కిటికీలోంచి ఎండ సరిగ్గా జ్ఞానవతి ఒళ్ళో పడుతోంది. ఆ ఇల్లు కావాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. ఎంతగా కొట్టుకుందంటే, ఆ మాట బయటికి అంటే సిగ్గుచేటు అనిపించేంత.

“అయ్యయ్యో, నో నో మిస్టర్ హెండ్రిక్,” అంది. “హౌ కెన్ వీ టేక్? ఇట్ షుడ్ గో టు యువర్ చిల్డ్రన్.”

భార్య అంత మర్యాదగా మాట్లాడితే తాను తక్కువ తిన్నట్టుంటుందని యెహెజ్కేలు కూడా అందుకున్నాడు. “నో నో సర్. టూ మచ్ కైండ్‌నెస్.”

హెండ్రిక్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “ఓకే,” అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మార్తా సమాధిరాయి ఎప్పుడు వస్తుందో చెప్పాడు.

కారెక్కాక మొగుడూ పెళ్ళాలిద్దరి సంతోషం చూడాలి. “ఇంక ఇల్లు మనదే,” అన్నాడు యెహెజ్కేలు. “ఏం మనిషండీ ఆయన. మళ్ళీ పిలుస్తారు చూడండి,” అంది జ్ఞానవతి. దారిలో కిరాణా షాపు పార్కింగులో కారాపి కృతజ్ఞతా ప్రార్థన కూడా చేశారు. వాళ్ళ లెక్క ప్రకారం సంబంధం ఖాయమైపోయినట్టే. అడగాల్సినాయన ఒకసారి అడిగాడు, వద్దనాల్సినవాళ్ళు వద్దన్నారు, ఇక మిగిలింది ఇంకో రెండు విడతలు.

ఇంటికెళ్ళి చెబితే అబిగేల్ ఒకటే అడిగింది. “డిడ్ యూ సే యెస్?”

“మొదటిసారే యెస్ అంటారేంటే ఎవరైనా?”

“ఎవ్రీబడీ, మమ్మీ.”

“నీకు తెలీదు. మనం ఎగబడ్డామనుకుంటారు. ఇంకోసారి అడగనీ.”

“హీ వోంట్ ఆస్క్ అగెయిన్. జస్ట్ కాల్ హిమ్.”

“మన అంతట మనం ఫోన్ చేస్తే చులకనైపోమూ,” అన్నాడు యెహెజ్కేలు. ఆయన ఆ మాట అన్నాక ఆ ఇంట్లో ఇక చర్చ ఉండదు.

మూడు వారాలు గడిచాయి. తెలుగు ఫెలోషిప్‌లో యెహెజ్కేలు ఇంటి విషయమై ప్రార్థించమని చెప్పాడు. పాస్టరు గారు గృహప్రార్థనకి తేదీ కూడా అడిగారు. జ్ఞానవతి ఫర్నిచర్ షాపులో కిటికీ దగ్గరికి సరిపోయే కుర్చీ ఒకటి చూసి ఉంచుకుంది. హెండ్రిక్ మాత్రం ఫోన్ చేయలేదు. డచ్చివాళ్ళ మధ్య పన్నెండేళ్ళు పనిచేసిన మనిషికి ఇది అర్థం కాకపోవడం ఏమిటని ఎవరైనా అడగొచ్చు. ఇంకొకరి విషయమైతే ఆమెకి ఒక్క క్షణంలో అర్థమయ్యేది. తన సొంత విషయంలో ఆమె ఇంకా పెద్దమ్మగారింట్లో ఆరేళ్ళ పిల్లే.

నాలుగో వారం, ఇక ఆగలేక, ఒక బుధవారం కజ్జికాయలు చేసి పట్టుకెళ్ళింది. వెళ్ళింది అడగడానికి కాదు, ఆయన అడగడానికి వీలు కల్పించడానికి. హెండ్రిక్ ఒక కజ్జికాయ తిని, “బాగా తీపి,” అని పళ్ళెం పక్కకి జరిపాడు.

జ్ఞానవతి కిటికీ వైపు చూస్తూ, ఇంట్లోకి ఎండ ఎంత బాగా వస్తుందో అంది. ఔను, దక్షిణం వైపు కదా అన్నాడాయన. ఈ వీధి ఎంత ప్రశాంతంగా ఉంటుందో అంది. గురువారం చెత్తబండి వచ్చినప్పుడు తప్ప అన్నాడు. చివరికి ధైర్యం చేసి, ఈ గదిలో కూర్చుంటే వెళ్ళబుద్ధి కావడం లేదంది. హెండ్రిక్ గడియారం చూశాడు. “నాలుగింటి దాకా ఉండొచ్చు. తర్వాత నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.”

ఆమె లేస్తుంటే ఆయనే అన్నాడు. “మా చర్చిలో ఒక కుర్రజంట ఉన్నారు. ఇల్లు చూడటానికి రేపొస్తారు.”

మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత చెప్పనే చెప్పింది, అది ఇక్కడ రాయడం బాగుండదు. జ్ఞానవతి ముఖం మాత్రం నవ్వింది. “వెరీ నైస్,” అంది. “గాడ్ బ్లెస్ దెమ్.”

బస్సులో ఏజాక్స్ దాకా ఆ రెండు ముక్కలే ఆమె చెవిలో తిరిగాయి. ఇంట్లో చెప్పగానే అబిగేల్ ఫోన్ తీసి తల్లి చేతిలో పెట్టింది. “కాల్ హిమ్. నౌ.” జ్ఞానవతి ఫోన్‌ని చాలాసేపు పట్టుకుని, ఈ వేళప్పుడు ఏం బాగుంటుందని తిరిగి ఇచ్చేసింది. గురు, శుక్రవారాలు డబుల్ డ్యూటీ. శనివారం వెళ్దామంటే యెహెజ్కేలుకి ఫెలోషిప్‌లో ఎవరిదో నామకరణం. ఆదివారం హెండ్రిక్ ఇలాంటివి మాట్లాడడు. సోమవారం సెలవు పెట్టి, ఇద్దరూ కారులో బయల్దేరారు. “నువ్వెళ్ళి మాట్లాడు, ఆయనకి నీ మీదే అభిమానం,” అని యెహెజ్కేలు కారులోనే ఉండిపోయాడు.

హెండ్రిక్ తలుపు తీశాడు. జ్ఞానవతి గుమ్మంలోనే, కాలు లోపల పెట్టకుండానే, దారంతా కూడబలుక్కున్న మాటలు ఇంగ్లీషులో చెప్పేసింది. ఇల్లు మేము తీసుకుంటాం. మీరు చెప్పిన ధరకే. బ్యాంకు కాగితం కూడా తెచ్చాను.

“శనివారం సాయంత్రం ఆ కుర్రజంటకి మాటిచ్చాను,” అన్నాడు ముసలాయన.

“సంతకాలు అయ్యాయా?” అబిగేల్ ఆ ప్రశ్న అడగమని మరీ మరీ చెప్పి పంపింది.

“లేదు. వచ్చేవారం.”

“అయితే...” అని ఆగిపోయింది. ఆ తర్వాత మాట ఏమిటో ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. సంతకం లేని మాట కోర్టులో చెల్లదు. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. “మాటిచ్చాను, వాతీ.”

అప్పుడు జ్ఞానవతికి కన్నీళ్ళొచ్చాయి. ఎవరి ముందూ ఏడవని మనిషి ఆ గుమ్మంలో నిలబడి ఏడ్చింది. “నాకు ఈ ఇల్లు చాలా ఇష్టమైంది. ఆ రోజే. మీరు అడిగిన నిమిషంలోనే.”

“మరి నేను అడిగితే వద్దన్నావెందుకు?”

అందులో నింద లేదు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. జ్ఞానవతి జవాబు కోసం వెతుక్కుంది. ఇంగ్లీషులో దొరకలేదు. తెలుగులో ఆలోచించి చూసింది, అక్కడా దొరకలేదు.

కారులోకొచ్చి కూర్చుని సంగతి చెప్పింది. యెహెజ్కేలు స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. పెద్దగా నిట్టూర్చి అన్నాడు. “సరేలే జ్ఞానా, బాధపడకు. దేవుని చిత్తం అలా ఉంది.”

“దేవుని మీద పెట్టకండి,” అంది జ్ఞానవతి. “ఆయన ఇచ్చాడు. వద్దన్నది మనం.”

ముప్ఫయ్యేళ్ళ కాపురంలో భార్య నోటి నుంచి అలాంటి మాట ఆయన వినలేదు. ఏదో అనబోయేలోపు ఆమె మళ్ళీ తలుపు తీసుకుని దిగిపోయింది.

ఈసారి హెండ్రిక్ తలుపు తీసేసరికి ఆమె కళ్ళు తుడుచుకుని ఉంది. “ఈ వీధిలో ఇల్లు ఖాళీచేసే ఆలోచన ఇంకెవరికైనా ఉందా?” అనడిగింది. ఆ మాట అంటుంటే చెవులు కాలిపోయాయి. ఒకరి ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందని అడగడం భీమిలిలో అయితే నాలుగు తిట్లు తినే పని. హెండ్రిక్ మాత్రం అదేదో మామూలు ప్రశ్న అయినట్టు, గడ్డం గోక్కుంటూ వీధి ఆ చివరిదాకా చూశాడు. ఎదురుగా మూడో ఇల్లు చూపించాడు. “విల్మా ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళు పోయాయి. అడిగి చూడు.”

జ్ఞానవతి వీధి దాటింది. కారులోంచి యెహెజ్కేలు అద్దం దించి, “ఎక్కడికే?” అన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

విల్మా చేతికర్రతో వచ్చి తలుపు తీయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో జ్ఞానవతి రెండుసార్లు పారిపోదామనుకుంది. తలుపు తెరుచుకున్నాక తన పేరు చెప్పి, మార్తాని చూసుకున్నది తనేనని చెప్పి, మీ ఇల్లు అమ్మే ఆలోచన ఉంటే మాకు కొనాలని ఉందంది.

“లేదు,” అంది విల్మా. “నేను అమ్మను.”

అంతే. కోపం లేదు, క్షమాపణా లేదు. కాదు అనే మాట ఇంత చిన్నగా ఉంటుందని జ్ఞానవతికి ఆ వయసులో తెలిసింది. ఆ మాట వినాల్సి వస్తుందనే ఇన్నేళ్ళూ భయపడింది. తీరా వింటే, ఏమీ కాలేదు. ఇద్దరూ గుమ్మానికి అటూ ఇటూ నిలబడే ఉన్నారు.

“సరే,” అని సంచిలోంచి కాగితం తీసి తన ఫోన్ నంబరు రాసింది. “ఎప్పుడైనా అమ్మాలనిపిస్తే ముందు నాకు చెప్పండి. నాకు చెప్పకుండా ఇంకెవరికీ మాటివ్వకండి.” ఆమె నోటి నుంచి వస్తున్న మాటలు ఆమెకే కొత్తగా ఉన్నాయి.

విల్మా కాగితాన్ని దూరంగా పెట్టి చదివింది. “చెబుతాను,” అని తలుపు వేసేసింది.

ఆగస్టులో వాళ్ళు ఏజాక్స్ వదిలి ఒషావాలో ఒక అపార్ట్‌మెంటులో తొమ్మిదో అంతస్తుకి అద్దెకి మారారు. కిటికీలు పెద్దవే గానీ, ఎదురుగా ఇంకో బిల్డింగు గోడ. కుర్రజంట హెండ్రిక్ ఇంట్లోకి దిగి, తలుపుకి నీలం రంగు వేసుకున్నారు. జ్ఞానవతి ఆ వీధిలోంచే నడిచి డ్యూటీకి వెళ్ళేది. ఆ ఇంటి ముందుకొస్తే మొదట్లో తల తిప్పుకునేది. తర్వాత తిప్పుకోవడం మానేసింది. బాధ మాత్రం పోలేదు. కిటికీ దగ్గర ఆ పిల్ల కడుపుతో కూర్చుని ఉంటే చూసి, బాగుండాలని మనసులో అనుకుంది. ఆ తర్వాత కొంచెం అసూయ కూడా పడింది. రెండూ నిజమే.

విల్మా ఇంటి ముందు మాత్రం రోజూ చేయి ఊపేది. లోపల్నుంచి విల్మా కూడా ఊపేది. ఇంటి మాట మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు. యెహెజ్కేలు వారానికోసారి, “ఆవిడ ఏమైనా అందా?” అనడిగేవాడు. “అన్నప్పుడు అంటుందిలెండి,” అనేది జ్ఞానవతి. ఫెలోషిప్‌లో ఎవరో ఆంటీ, ఆ ముసలావిడకి నాలుగుసార్లు వంట చేసిపెట్టి మంచి చేసుకోమని సలహా ఇచ్చింది. జ్ఞానవతి వినలేదు. కజ్జికాయలతో ఏమయిందో ఆమెకి గుర్తుంది.

ఆ చలికాలం గడిచింది. మంచు కరుగుతున్న రోజుల్లో ఒక మంగళవారం ఉదయం, ఎనిమిదో నంబరు గదిలో ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మేజోళ్ళు తొడుగుతుంటే జేబులో ఫోన్ మోగింది. డ్యూటీలో ఆమె ఫోన్ తీయదు. నంబరు బోమన్‌విల్‌ది అని చూసి, గ్లవ్ ఒకటి లాగేసి తీసింది.

“విల్మాని,” అంది అవతలి గొంతు. పలకరింపు గట్రా ఏమీ లేదు. “నిన్న కిందపడ్డాను. ఎముక విరగలేదు. కానీ ఇక ఒంటరిగా ఉండలేను, మే నెలలో వెళ్ళిపోతాను. బాత్రూము పాతది. వానొస్తే బేస్‌మెంటులో ఒక మూల తడుస్తుంది. ముందు నీకు చెబుతానన్నాను, చెబుతున్నాను. నీకు ఇంకా కావాలా?”

జ్ఞానవతి మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో ముసలాయన మేజోడు సగం తొడిగి ఉంది. ధర అడగాలి, యెహెజ్కేలుతో ఒక మాట అనాలి, తడిసే మూల ఎంత తడుస్తుందో చూడాలి. ఇవన్నీ ఆమెకి తోచాయి. అమ్మతో గానీ, మొగుడితో గానీ, ప్రార్థనలో దేవుడితో గానీ ఎన్నడూ అనని మాట ఆమె నోటికొచ్చింది. అదీ తెలుగులోనే వచ్చింది.

“కావాలి,” అంది.

“నాకర్థం కాలేదు,” అంది విల్మా. “అంటే యెస్సా, నోనా?”

“యెస్,” అంది జ్ఞానవతి.